సంఘపెద్ద ఫోను ఉపవాసం

నాచారం సందులోని ఆ రేకుల చర్చికి ఫోను ఉపవాసం తెచ్చిపెట్టినవాడు కృపానందమే. ఇంకెవరైనా తెచ్చిపెట్టి ఉంటే అతనికి ఇంత సిగ్గు మిగిలేది కాదు.

ఏటా శ్రమకాలం ముందు సంఘపెద్దలు కూర్చుని, ఈస్టరు దాకా నలభై రోజులు ఏం మానేయాలో తేల్చుకుంటారు. ఈ ఏడు ఒకాయన మాంసం అన్నాడు, ఇంకొకాయన టీ అన్నాడు. ఎప్పుడూ మానేసేవే, పండుగ నాడు అంతకంతా లాగించేవే. అప్పుడు కృపానందం గొంతు సవరించుకుని లేచాడు. మల్లాపూర్‌లో ఒక ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో స్టోర్ కీపర్ అతను. నడుముకు తాళాల గుత్తి లేకుండా అతన్ని చూసినవాళ్లు తక్కువ. దేన్నయినా లోపల పెట్టి తాళం వేస్తే పీడ విరగడైనట్టేనని నమ్మే మనిషి.

“టీ, మాంసం మనల్ని ఏమంటున్నయ్ అయ్యగారూ? పొద్దున లేస్తే చేతుల ఫోను, పండుకుంటే చేతుల ఫోను. పోరగాళ్లు ఖరాబైతున్నరు. ఈసారి దీన్ని పక్కకు పెడదాం,” అన్నాడు.

జీవన్ పాస్టరు చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

కృపానందం భార్య దోర్కా ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఆమె పాత నీలం పరదా ఒకటి చింపి, దాని మీద వరసగా జేబులు కుట్టి, ఒక్కో జేబు మీద ఒక్కొక్కరి పేరు తెల్ల దారంతో కుట్టింది. దాన్ని చర్చి గుమ్మం పక్కన మేకులకు వేలాడదీశారు. చెప్పులు కింద విడవాలి, ఫోను పైన జేబులో పెట్టాలి, రెండు చేతులూ చాచి ‘ప్రభువా, నా చేతులు ఖాళీ’ అంటూ లోపలికి రావాలి. ఆ మాట కూడా కృపానందం కట్టిందే. పిల్లలు దాన్ని పాటలా అరుచుకుంటూ వచ్చేవారు. ఇడ్లీ బండి నడిపే ముసలి పాపమ్మకు ఉన్నది బటన్ల ఫోనే అయినా, దాన్ని కొంగుతో తుడిచి మరీ జేబులో పెట్టేది. ఇంట్లో వేరే పద్ధతి. సాయంత్రం కుటుంబ ప్రార్థన కాగానే ముగ్గురి ఫోన్లూ టిఫిన్ క్యారియర్ పెద్ద గిన్నెలో పడాలి, మూత పడాలి, క్లిప్పు పడాలి, క్యారియర్ అటక ఎక్కాలి. తెల్లారేదాకా దించడం లేదు.

నిజం చెప్పాలంటే ఈ హంగామా అంతా కొడుకు ఆరోన్ కోసం. పీర్జాదిగూడ అవతల ఒక కాలేజీలో డిప్లొమా చదువుతున్నాడు, తప్పిన సబ్జెక్టులు తప్పినట్టే మురుగుతున్నాయి. అన్నం తింటూ ఫోను, ఉప్పల్ బస్సులో ఫోను, బాత్రూంలో ఫోను. తండ్రి తిట్టగా తిట్టగా ఒకరోజు తలెత్తకుండానే, “నువ్వు సూడవా డాడీ?” అన్నాడు. ఆ ఒక్క మాట కృపానందానికి బాగా గుచ్చుకుంది. అందుకే ఉపవాసం మొదలైన నాడు కొడుకు చూస్తుండగా అందరికంటే ముందు తన ఫోను జేబులో పెట్టి, చేతులు చాచి చూపించాడు.

వాడు మొదట్లో పిచ్చెక్కినవాడిలా గోడలు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో పుస్తకం తెరిచాడు. చర్చిలో డోలక్ వాయించేవాడు వాడే. ఇప్పుడు సాయంత్రాలు ఇంట్లో కూడా సాధన మొదలైంది. ఒకనాడు అన్నం దగ్గర, “నువ్వు పెట్టినవని నేను పెట్టిన డాడీ. లేకుంటే నాతోని అయ్యేది కాదు,” అన్నాడు. దోర్కా కళ్లు తుడుచుకుంది. కృపానందం పప్పు కలుపుకుంటూ తల వంచుకున్నాడు. వినయం కాబోలనుకున్నారు తల్లీకొడుకులు.

వినయం కాదు, పాడూ కాదు. కృపానందం జేబులో పెడుతున్నది ఎప్పుడో చచ్చిపోయిన పాత ఫోను. అదే ఇంట్లో టిఫిన్ క్యారియర్లోకీ పోతోంది. అసలు ఫోను అతని బైబిల్ జిప్పు కవర్లో, చందా కవర్లు దోపుకునే అరలో భద్రంగా ఉంది. కంపెనీ నుంచి అర్జెంటు ఫోను రావచ్చుగదా అని మొదటిరోజు తనకు తాను చెప్పుకున్నాడు. స్టోర్ కీపరును అర్జెంటుగా పిలిచే కంపెనీ ఎక్కడుంది గనక! ఒక్క ఫోనూ రాలేదు. అలవాటు మాత్రం పోలేదు.

ఇంతా చేసి ఏం చూసేవాడో తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. బూతులు కావు, పేకాట కాదు. బోరుబండ్లు, నీళ్ల కోసం బోర్లు తవ్వే వీడియోలు. ఎక్కడో ఎర్రటి ఎండలో ఒక బండి నిలబడి నేలను తొలుస్తుంటుంది. రాడ్డు మీద రాడ్డు దిగుతుంది. తెల్లటి దుమ్ము లేస్తుంది. చుట్టూ రైతు కుటుంబం ముఖాలు వేలాడేసుకుని నిలబడి ఉంటుంది. దుమ్ము కాస్త తడిబారుతుంది, బురదవుతుంది, ఉన్నట్టుండి నీళ్లు ఆకాశానికి లేస్తాయి. ఆడవాళ్లు ఆ నీళ్లలో తడుస్తూ ఏడుస్తారు. కృపానందం ఒళ్లు జలదరించేది. వెంటనే ఇంకొకటి. ఇక్కడ పడతాయా, పడవా? జనగామ దగ్గర అతని నాయన వేయించిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి, అందుకే ఈ పట్నం వచ్చిపడ్డారు, నిజమే. ఆ కథ చెప్పుకుని తనమీద తానే జాలిపడేవాడు కూడా. కానీ నాయన కోసం ఎవరూ కొడుకును మోసం చేయరు. చూడకుండా ఉండలేకపోయాడు, అంతే సంగతి.

చర్చిలో చూడటానికి ప్రార్థన సమయం బాగా కుదిరింది. అందరి కళ్లూ మూసుకుని ఉంటాయి. బైబిల్ ఒళ్లో సగం తెరుచుకుని ఉంటుంది. చప్పుడు లేకుండా బోరుబండి తిరుగుతుంటుంది. ఎవరి ప్రార్థన ఎంతసేపో అతనికి కొట్టిన పిండి. పాపమ్మ మొదలుపెట్టిందంటే కొడుకు, కోడలు, మనవలు, మేడిపల్లిలో ఇల్లు కడుతున్న అల్లుడు, ఆ ఇంటి స్లాబు, అన్నీ అయ్యాకగానీ ఆమేన్ రాదు. ఒక బోరు తీరిగ్గా పూర్తవుతుంది.

ఆ ఆదివారం పాపమ్మ గొంతు పట్టేసింది. అల్లుడి దాకా వచ్చి దగ్గు ఆపుకోలేక, “మిగిలింది నీకు తెలుసు తండ్రీ, ఆమేన్,” అనేసింది. కృపానందం ఉలిక్కిపడ్డాడు. గబగబా జిప్పు లాగాడు. బొటనవేలు ఫోను పక్కన శబ్దం పెంచే గుండీని నొక్కేసింది. ఆమేన్ వెనకాలే బోరుబండి చర్చి రేకులు అదిరేలా గుర్రుమంది. “ఇంకో రాడ్డు దింపుర్రి!” అని ఎవరో రైతు అరిచాడు.

బైబిల్ అతని ఒళ్లోంచి జారి కింద పడింది. ముందువరసలో అతని కుర్చీ పక్కనే చాప మీద డోలక్ పట్టుకుని కూర్చున్న ఆరోన్ చెయ్యి చాచి దాన్ని తన వైపు లాక్కున్నాడు. జిప్పు తీశాడు, ఫోను బయటికి తీశాడు, దాని నోరు నొక్కేశాడు.

“ఎవలదది?” అన్నాడు జీవన్ పాస్టరు.

కృపానందం వంగి, బైబిల్ కవర్లోంచి జారిన చందా కవర్లు ఏరసాగాడు.

“నాదే అయ్యగారూ,” అన్నాడు ఆరోన్ లేచి నిలబడి. “జేబుల పెట్టింది గాక ఇది ఇంకోటి. డాడీ బైబిల్ల దాచిపెట్టిన. డాడీకి తెల్వదు.”

“అయ్యో బిడ్డా,” అని ముక్కు మీద వేలేసుకుంది పాపమ్మ. “గసొంటి తండ్రి కడుపున పుట్టి ఇదేం పాడుబుద్ధిరా నీకు!”

కృపానందానికి ముందు కలిగింది సిగ్గు కాదు. బతికిపోయానురా దేవుడా అనుకున్నాడు. గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. పీల్చుకున్నాక, పక్కనే తలవంచుకుని నిలబడ్డ కొడుకు మెడ మీద చెమట కనిపించింది. అప్పుడు వచ్చింది సిగ్గు.

పాస్టరు చెడ్డవాడు కాదు, అయినా సంఘం ముందు పెట్టుకున్న కట్టడి కట్టడే. ఈస్టరు దాకా ఆరోన్ డోలక్ ముట్టకూడదు, వెనకాల చెప్పుల దగ్గర కూర్చోవాలి, వచ్చే ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోకూడదు. అంతా చెప్పి, ఆ ఫోను తెచ్చి రెండు చేతులతో కృపానందానికి అందించాడు. “అన్నా, మీ దగ్గరనే ఉంచుండ్రి. పండుగ దాకా పిల్లగానికి ఇయ్యకుండ్రి.”

కృపానందం తన ఫోను తానే పుచ్చుకుని, “సరే అయ్యగారూ,” అన్నాడు.

ఇంటికొచ్చాక దోర్కా వంటింట్లోకి పోయింది. ఆరోన్ మేడ మీదికి పోయాడు. కృపానందం కాసేపు అటూ ఇటూ తిరిగి మెట్లెక్కాడు. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఉన్నాడు కొడుకు.

“ఎందుకు జెప్పినవ్ రా గట్ల?”

“నువ్వు పెద్దమనిషివి డాడీ. నీ పేరు పోతే మల్ల రాదు. నాదేముంది, పోరగాన్ని. పండుగ అయితే అందరు మరుస్తరు.”

“నీకెప్పటిసంది తెలుసు?”

ఆరోన్ గోడ మీద పెచ్చు గిల్లుతూ కూర్చున్నాడు. “ఒకసారి ప్రార్థనల కండ్లు తెరిసిన. నీ మొకం మీద వెలుగు పడుతుండె. మొదాలు నువ్వు వాక్యం సదువుతున్నవేమో అనుకున్న.”

ఆ మాటకు కృపానందం తల కొట్టేసినట్టయింది. కొడుకు తిట్టి ఉంటే బాగుండు. నాలుగు మాటలు ఎదురు అని ఉంటే ‘తండ్రితో మాట్లాడే పద్ధతేనా’ అని గద్దించి బయటపడేవాడు. వాడు అసలు కోపంగా లేడు. దొరికిపోయిన పిల్లవాడిని పెద్దవాళ్లు చూసినట్టు చూస్తున్నాడు.

“నేను జెప్త రా. అయ్యగారికి నేనే జెప్త.”

“నీ ఇష్టం,” అన్నాడు ఆరోన్. నమ్మినట్టు లేదు.

కింద దోర్కా అన్నం వడ్డించింది. పళ్లెం అతని ముందు పెడుతూ, “ఆ ఫోను నేను గుర్తువట్టననుకున్నవా?” అంది. “దాని కవరు అంచు పోయిందని దారంతోని కుట్టిచ్చింది నేనే గదా.”

కృపానందం పళ్లెం పక్కకు జరిపాడు.

“నేనేమన. ఇంటాయన పరువు నేను తియ్య. గని వచ్చే ఆదివారం బల్ల పళ్లెం పట్టుకొని నువ్వే గద తిరిగేది. పోరడు చెప్పుల కాడ కూసుంటడు. వాని ముందుకెల్లి ఎట్ల పోతవో సూస్త.”

ఆ వారమంతా చెప్పాలనే అనుకున్నాడు. సోమవారం డ్యూటీ దిగి పాస్టరు ఇంటి సందు దాకా పోయి, లోపల ఎవరో ఉన్నారని తిరిగి వచ్చాడు. లోపల ఎవరూ లేరు, అమ్మగారు బట్టలు ఆరేస్తోంది, అంతే. ఆ తర్వాత ఒకరోజు ఫోను చేద్దామనుకున్నాడు. ఇలాంటి మాట ఫోనులో ఏం చెబుతామని మానేశాడు. సాయంత్రం ఆరోన్ మామూలుగానే తన ఫోను టిఫిన్ క్యారియర్లో పెట్టి, గిన్నెను తండ్రి వైపు జరిపేవాడు. కృపానందం అందులో చచ్చిన ఫోనునే పెట్టేవాడు. ముగ్గురికీ తెలుసు అది చచ్చిన ఫోనని. ముగ్గురూ చూస్తుండగా మూత పడేది, క్లిప్పు పడేది. అంత సిగ్గుమాలిన పని కృపానందం జన్మలో చేయలేదు. అయినా రోజూ చేశాడు.

పోనీ, ఆ వారమైనా బోరుబండ్లు చూడటం మానేశాడా అంటే, మానలేదు. కంపెనీ స్టోర్లో అట్టపెట్టెల వెనక నిలబడి, కళ్లలో నీళ్లు పెట్టుకుని మరీ చూశాడు.

ఆదివారం వచ్చింది. చర్చి మెట్ల కింద బండి ఆపి, ఇవాళ చెప్పేయాలి అని గట్టిగా అనుకున్నాడు. గుండె దడ తగ్గడానికి ఒక్కటంటే ఒక్కటి చూద్దామని ఫోను తీశాడు. సగంలో పాట మొదలవడంతో మళ్లీ జిప్పులో దోపి పైకి వెళ్లాడు. గుమ్మం దగ్గర చేతులు చాచి ‘ప్రభువా, నా చేతులు ఖాళీ’ అని గొణిగి గబగబా లోపలికి నడిచాడు. చాప మీద డోలక్ లేదు. ఎవరో పిల్లలు చప్పట్లతో సరిపెట్టుకుంటున్నారు.

వాక్యం అయ్యింది. జీవన్ పాస్టరు రొట్టె విరిచి ప్రార్థించి పళ్లెం అతని చేతికిచ్చాడు. చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షారసం, పక్కన రొట్టె ముక్కలు. ఇన్నేళ్లుగా ఆ పళ్లెం పట్టుకుని నడుస్తుంటే అతనికి ఒళ్లంతా బరువైన గౌరవంగా ఉండేది. మనసులో మరక పెట్టుకుని దీన్ని ముట్టకండి అని ముందుగా హెచ్చరించేదీ అతనే. ఇవాళ ఆ మాట చెప్పకుండా దాటేశాడు. ఒక్కో వరసా అయిపోతోంది. పాపమ్మ గ్లాసు అందుకుంటూ, “నీ ఓపికకు దండం పెట్టాలె పెద్దయ్యా,” అని గొణిగింది. దోర్కా గ్లాసు తీసుకోలేదు. తల అడ్డంగా ఆడించి కొంగు సర్దుకుంది.

ఆఖర్న చెప్పుల దగ్గర ఆరోన్ ఉన్నాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, పళ్లెం వైపు చూడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు.

“పో డాడీ,” అన్నాడు మెల్లగా. “అందరు సూస్తున్నరు.”

కృపానందం పళ్లెం తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. పాస్టరు ఆఖరి గ్లాసు అతనికి అందించబోయాడు. అతను పుచ్చుకోలేదు. వెనక్కి తిరిగి సంఘం ముందు నిలబడ్డాడు.

“ఆ ఫోను నాది,” అన్నాడు. “ఆరోన్‌ది గాదు. నాదే. ప్రార్థనల సూసింది నేను. నన్ను కాపాడెతందుకు వాడు అబద్ధం జెప్పిండు. నేను నోరు మూసుకొని ఊకున్న.”

అతను తల దించుకుని రాళ్లు పడతాయని ఎదురుచూశాడు. పడలేదు. ఆడవాళ్ల వైపు నుంచి వెక్కిళ్లు వినిపించాయి. తలెత్తి చూస్తే పాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

“కొడుకు మీది మచ్చ తన మీదేసుకుంటుండు సూడుర్రి! గీయన తండ్రి అంటే!”

జీవన్ పాస్టరు కళ్లు కూడా చెమర్చాయి. వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. “మీ మనసు మాకు తెల్వదా అన్నా? పిల్లగాన్ని క్షమిద్దాం. మీరు గిట్ల నింద మోయనవసరం లేదు.”

“కాదయ్యగారూ, నిజంగ నాదే!” జేబుల పరదా దగ్గరికి పరుగెత్తి పాత ఫోను తీసుకొచ్చాడు. “గిది సచ్చిన ఫోను. మిమ్ములనందర్ని మోసం జేసిన.”

“ఛార్జింగ్ అయిపోయి ఉంటదన్నా. ఉపవాసంల ఎవలు పెడుతుండ్రు? అందరియి గట్లనే ఉన్నయ్.”

“దోర్కా, నువ్వు జెప్పు.”

దోర్కా లేచి, “ఆయనదే,” అంది. “పాపం, తల్లి గూడ కొడుకు దిక్కే,” అన్నారెవరో వెనకనుంచి. స్తోత్రం, స్తోత్రం అని నలుగురు గొంతు కలిపారు. జీవితంలో మొదటిసారి నిజం ఒప్పుకుంటే, దానికి కూడా దండ వేస్తున్నారు. కొడుకు ఇంకా చెప్పుల దగ్గరే ఉన్నాడు. క్షమించబడ్డ దొంగగా ఇంటికి పోబోతున్నాడు.

అతను ముందువరస కుర్చీ మీదున్న బైబిల్ అందుకున్నాడు. జిప్పు తీసి అసలు ఫోను బయటికి లాగి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. “సూడుర్రి. నా వేలికే తెరుసుకుంటది,” అని బొటనవేలు పెట్టాడు.

“కొడుకు ఫోనుకు తండ్రి వేలు పెట్టుకోడా ఏంది,” అంటోంది పాపమ్మ.

ఫోను తెరుచుకుంది. మెట్ల కింద చూస్తూ సగంలో ఆపిన వీడియోలో బోరుబండి మళ్లీ మొదలైంది. అతను ఏదో చెప్పబోయాడు. తెర మీద రాడ్డు వణుకుతూ దిగుతోంది. తెల్లటి దుమ్ము లేస్తోంది. ఒక ముసలి రైతు తువ్వాలు నెత్తికి చుట్టుకుని దుమ్ములోకే చూస్తున్నాడు. దుమ్ము కొంచెం నల్లబడింది. చుట్టూ సంఘమంతా ఉందని కృపానందానికి తెలుసు. అందరూ తననే చూస్తున్నారని తెలుసు. గుమ్మం దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడని తెలుసు. తల ఎత్తాలి, మాట పూర్తి చేయాలి. రాడ్డు పక్కన తడి మెరిసింది. చేతిని ముఖానికి ఇంకాస్త దగ్గరగా తెచ్చుకున్నాడు.

ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పాస్టరు అతని భుజం మీది చెయ్యి తీసేశాడు.

ఆరోన్ వెనకనుంచి నడిచి వచ్చాడు. తండ్రి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి ఫోను తీసుకున్నాడు.

“చాలు డాడీ,” అన్నాడు.

అప్పుడు అందరూ నమ్మారు.